ధనరాజు సెలూనూ, ఐదేళ్ళ గడ్డమూ

తొంభై తొమ్మిది ఎన్నికల్లో నాలుగు వందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయిన మూడో రోజు సాయంత్రం, కాశీబుగ్గ బస్టాండు ఎదుట ఆగిన లారీ ఎక్కి మోహనకృష్ణ గారు ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"మన పార్టీ మళ్ళీ అధికారంలోకి వచ్చేదాకా ఈ మొహానికి కత్తి తగలనివ్వను. ఇది నా శపథం. నా శపథం అంటే కార్యకర్తలందరి శపథం!"

జనం చప్పట్లు కొట్టారు. జనంలో ధనరాజు కూడా ఉన్నాడు, అతనూ కొట్టాడు. మోహనకృష్ణ గారు మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టకుండా ఉండడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు. పైగా ఉపన్యాసం బాగుంది. మూడో విడత చప్పట్ల మధ్యలో మాత్రం ధనరాజుకి ఒక సంగతి తట్టింది. ఆ మొహానికి రోజూ తగిలే కత్తి తనదే.

రైల్వే గేటుకి వెళ్ళే రోడ్డులో ధనరాజుకి హెయిర్ కటింగ్ సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, గోడంత అద్దం, తిరిగినప్పుడు తిరిగే ఒక ఫ్యాను. గడ్డం ఐదు రూపాయలు, కటింగ్ పది. రోజుకి ముప్పై మంది వచ్చేవారు. ఆ ముప్పైలో పద్దెనిమిది మంది మోహనకృష్ణ గారి మనుషులు. ఈ లెక్క అతను అంతకుముందెన్నడూ వెయ్యలేదు. గడ్డానికి కూడా పార్టీ ఉంటుందని అతనికి తెలియదు.

మోహనకృష్ణ గారి త్యాగం ఎంతటిదో చెప్పాలంటే ఆయన గురించి కొంత తెలియాలి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ, కంచిలి వైపు కొబ్బరితోటలు, ఊరందరి మంచిచెడ్డల మీదా గట్టి అభిప్రాయాలూ ఉన్న మనిషి. పొద్దున్నే నున్నగా గడ్డం గీయించుకోనిదే కాఫీ ముట్టేవారు కాదు. అంతటి మొహాన్ని ప్రజలకి రాసిచ్చేశారు. మర్నాడు పేపర్లు దీనికి 'గడ్డం దీక్ష' అని పేరు పెట్టాయి.

దీక్షకి ఒక పుస్తకం తెరిచారు. పలాస, మందస, సోంపేట, కంచిలి తిరిగి మూడు వందల నలభై సంతకాలు పోగుచేశారు. వీళ్ళలో అరవై మంది ఉద్దానం ఒడ్డున సముద్రం మీద వేట చేసుకునేవాళ్ళు. "మాం ఏటకెల్తే రోజుల తరబడి గెడ్డం ముట్టుకోం గదా బాబూ, మళ్ళీ మా పేర్లెందుకు?" అని వాళ్ళు అడిగితే, "మీది ముందుచూపు" అని మండల నాయకుడు మెచ్చుకుని వేలిముద్రలు వేయించుకున్నాడు.

ధనరాజు భార్య నూకమ్మ జీడిపప్పుకి పొట్టు తీసే పనికి వెళ్ళేది. ఆ పని చేసే చేతులకి ఏది పొట్టో ఏది పప్పో చూడకుండానే తెలుస్తుంది.

"అయ్యప్ప మాలేసుకుంటే నలబై ఒక్క రోజులు. ఈ బాబుల మాల ఎన్నాళ్ళు మావా?" అని అడిగింది.

"ఐదేళ్ళు."

"మద్దిలో ప్రెబుత్వం పడిపోతే?"

"పడదట. మెజార్టీ ఉన్నాదట."

"అయితే మనం పడతాం" అని నూకమ్మ పనికి వెళ్ళిపోయింది.

నెల తిరిగేసరికి సెలూన్లో రెండో కుర్చీ మీద పిల్లి పడుకోవడం మొదలుపెట్టింది. ధనరాజు ఇక లాభం లేదనుకుని మోహనకృష్ణ గారి దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, దీచ్చ గెడ్డానికే కదా. మనోళ్ళు తల కటింగు సేయించుకోవచ్చునా?"

మోహనకృష్ణ గారు నోటికొచ్చిన జవాబు చెప్పే మనిషి కాదు. కార్యవర్గాన్ని పిలిపించారు. రెండు గంటలు చర్చించి, కటింగ్ విషయం కార్యకర్తల అంతరాత్మకి వదిలేస్తున్నట్టు తీర్మానం చేశారు. కార్యకర్తల అంతరాత్మలు పది రూపాయలు మిగుల్చుకునే వైపే మొగ్గాయి.

"మరి మీసం, బాబూ?"

"మీసం క్రమశిక్షణ సంఘం పరిధిలోకి వెళుతుంది."

"ముక్కులో ఎంటికలు? నెలకోపాలి కత్తిరిత్తాను గదా."

"అది నా ప్రైవేట్ విషయం" అన్నారు మోహనకృష్ణ గారు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి స్వయంగా ధనరాజు భుజం మీద చెయ్యి వేశారు. "ఒరే ధనరాజూ, నీ ఆదాయం పోయిందని ఎవడు సెప్పేడు? ఎక్కడికీ పోలేదు. మా మొకాల మీద పెరుగుతోంది. మూడు వందల నలబై గెడ్డాలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకో. మనం గెలిసిన రోజున అన్నీ ఒక్కసారి నీ కొట్టుకే వొత్తాయి. నా గెడ్డం అయితే స్టేజీ మీద, పదేల మంది ఎదర, నీ సేత్తోనే తియ్యాలి."

ధనరాజుకి ప్రాణం లేచొచ్చింది. బ్యాంకులో డిపాజిట్ అన్నది అతని వంశంలో ఎవరికీ లేదు. ఆనాటినుంచి రోడ్డు మీద గడ్డం కనబడితే చాలు, తన డబ్బుకి వడ్డీ పెరుగుతున్నట్టు అనిపించి కాస్సేపు నిలబడి చూసేవాడు.

అంతటితో ఆగలేదు. అదే సమావేశంలో అతన్ని నియోజకవర్గ స్వయం ఉపాధి విభాగానికి కన్వీనర్‌ని చేశారు. కండువా వేశారు. కన్వీనర్ అన్నాక దీక్షలో ఉండాలి కదా, పుస్తకంలో సంతకం కూడా పెట్టించారు. అలా జిల్లాలో గడ్డం పెంచిన మొట్టమొదటి సెలూన్ ఓనరు తయారయ్యాడు. కొత్తగా వచ్చిన రైల్వే గుమాస్తా ఒకాయన లోపలికి తొంగిచూసి, "గీసేవాడు లేడా?" అని అడిగాడు. "నానే బాబూ" అంటే, అతని గడ్డం వంక ఓసారి చూసి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

కన్వీనర్ హోదాలో ధనరాజు టెక్కలిలో జరిగిన సదస్సుకి వెళ్ళాడు. విషయం 'ఎన్నికల ఫలితాలు: స్వయం ఉపాధి కుటుంబాల ఆదాయ వ్యయాలు'. పంక్చర్లు వేసేవాళ్ళు, దర్జీలు, టీ కొట్లవాళ్ళు, కొబ్బరి దింపేవాళ్ళు ఓ వంద మంది వచ్చారు. విశాఖపట్నం నుంచి వచ్చిన మేధావి ఒకరు తెల్లబోర్డు మీద గీత గీశారు. మన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు గీత పైకి వెళ్ళింది. అవతలి పార్టీ రాగానే కిందికి దిగింది. రెండు వేల నాలుగు దగ్గర మళ్ళీ లేచి బోర్డు దాటి గోడ మీదికి పోయింది.

ధనరాజు లేచి నిలబడ్డాడు. "బాబూ, ఇప్పుడు మాం కింద ఉన్న గీత కాడున్నాం గదా. అది పైకి లెగిసేలోగా ఏటి తినాల?"

"మంచి ప్రశ్న. అది రెండో సెషన్లో వస్తుంది."

రెండో సెషన్ భోజనాలు. ధనరాజు వరసలోకి వెళ్ళేసరికి పొట్లాలు అయిపోయాయి.

ఇలాంటి సమయంలో అధికార పక్షం చేతులు ముడుచుకుని కూర్చోదు. గెలిచిన ఎమ్మెల్యే గోవిందరావు గారికి మంత్రి పదవి వస్తుందని అందరూ అనుకున్నారు, రాలేదు. ఆయన అనుచరులు అవమానంతో కుతకుతలాడి, తమ నాయకుడికి మంత్రి పదవి వచ్చేదాకా తల మీద కత్తెర పడనివ్వమని శపథం చేశారు. ప్రతిపక్షానిది గడ్డం అయితే తమది జుట్టు. గడ్డం కంటే జుట్టు పైన ఉంటుంది కాబట్టి తమ దీక్షే ఉన్నతమైనదని పత్రికా ప్రకటన కూడా ఇచ్చారు. వీళ్ళు రెండు వందల ఇరవై మంది. గడ్డాలు మాత్రం ఇళ్ళ దగ్గరే గీసుకునేవారు.

ఇక కాశీబుగ్గలో ఏ పార్టీకీ చెందనివాళ్ళు, ధనరాజు లెక్క ప్రకారం, నలభై మంది మిగిలారు. అందులో పదిహేను మందిది బట్టతల. ఊళ్ళో దువ్వెనల వ్యాపారం మాత్రం బ్రహ్మాండంగా సాగింది, పేలమందు సీసాలకి కరువొచ్చింది. ఎన్నికల వల్ల స్వయం ఉపాధి దెబ్బతిందనే నిరాశావాదులు ఈ కోణాన్ని కూడా గమనించాలి.

దీక్ష మొదలైన నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మోహనకృష్ణ గారినుంచి కబురొచ్చింది. కత్తెర, దువ్వెన తెచ్చుకుని ఫ్యాక్టరీ వెనక, జీడిపిక్కలు ఆరబెట్టే కళ్ళం దగ్గరికి రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని రెండు చేతులా బుగ్గలు గోక్కుంటున్నారు. గడ్డం ఎడమ బుగ్గ మీద దట్టంగా, కుడి బుగ్గ మీద అక్కడక్కడా మొలిచింది. పేపర్లో ఫోటో చూసి పార్టీ పెద్దలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగారట.

"త్యాగం జనానికి కనబడాలి. మరీ అంత కనబడకూడదు. రెండు వేళ్ళ మందం ఉంచి తతిమ్మాది కత్తిరించీ" అన్నారు రెండు వేళ్ళు గడ్డానికి అడ్డంగా పెట్టి చూపించి.

ధనరాజు అరగంట కష్టపడి కుడి బుగ్గకీ ఎడమ బుగ్గకీ సంధి కుదిర్చాడు. తర్వాత సామాను సర్దుకుని నిలబడ్డాడు.

"ఏటి?" అన్నారు మోహనకృష్ణ గారు.

"డబ్బులు బాబూ."

"దేనికి?"

"గెడ్డం కత్తిరించేను గదా."

"ఎవరి గెడ్డం?"

"తమదే బాబూ."

"నా గెడ్డానికి కత్తెర తగిల్తే నా దీక్ష ఏటవుతాది?"

"పోతాది."

"పోయిందా?"

"అబ్బే, ఎలగ పోతాది బాబూ!"

"అయితే కత్తెర తగల్లేదు. తగలని కత్తెరకి డబ్బులెలగ ఇమ్మంటావు? నానిచ్చీసినా, నువ్వు పుచ్చుకుంటే రేపు నిన్నే అబద్ధాలకోరు అంటారు."

ధనరాజు దారి పొడుగునా ఈ వాదనలో తప్పెక్కడుందా అని వెతికాడు. దొరకలేదు. పెద్దవాళ్ళు ఊరికే పెద్దవాళ్ళు కారని అనుకున్నాడు.

రహస్యం కాబట్టి వారంలోనే అందరికీ తెలిసింది. మండల నాయకులు ఒక్కొక్కరూ తెల్లవారే ముందు సెలూన్ వెనక తలుపు తట్టడం మొదలుపెట్టారు. వాళ్ళ తర్వాత వార్డు నాయకులు, ఆ తర్వాత కార్యకర్తలు. అందరికీ రెండు వేళ్ళ మందమే. అందరిదీ తగలని కత్తెరే. ఏడాది తిరిగేసరికి ధనరాజుకి ఊపిరి సలపనంత పని, చేతిలో పైసా లేదు. ఒడ్డున వేట చేసుకునే అరవై మంది మాత్రం కాశీబుగ్గ వచ్చినప్పుడల్లా ముందు తలుపు నుంచే వచ్చి, నున్నగా గీయించుకుని, ఐదు రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళేవారు. వేలిముద్ర దేనికి వేశారో వాళ్ళు మర్చిపోయారు. ధనరాజు గుర్తు చెయ్యలేదు. ఆ డబ్బుతోనూ నూకమ్మ కూలితోనూ ఇల్లు గడిచింది.

ఇలా నాలుగేళ్ళూ మరికొన్ని నెలలూ గడిచాయి. రెండు వేల నాలుగు ఎన్నికలు ముంచుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే సెలూన్ ఉన్న బిల్డింగు యజమాని లోకనాథం కొట్టుకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సెల్ ఫోన్లు అమ్ముకునేవాళ్ళు ఈ కొట్టు అడుగుతన్నారు ధనరాజూ. నువ్వు పాతోడివి, నిన్ను ఎల్లగొట్టడానికి నాకు మనసొప్పట్లేదు. ఐదేళ్ళకి కాయితం రాసుకుందాం. ఎనిమిదేలు అడ్వాన్సు. ఈ నెలాకరు దాటితే మాత్రం నన్నేటీ అనకు."

కొట్టు పోతే ధనరాజుకి మిగిలేది సూరత్. అక్కడ నూకమ్మ తమ్ముడు ఒక సెలూన్లో కూలికి చేస్తున్నాడు. పదిమంది ఒక గదిలో పడుకుంటారట. తన పేరు రాసిన బోర్డు కింద పదిహేనేళ్ళు నిలబడ్డ మనిషికి, ఎవరి కుర్చీ వెనకో కూలికి నిలబడడం చిన్నతనంగా తోచింది. ఇంట్లో చీటీ పాడిన డబ్బు ఆరు వేలు ఉంది. అదొక్కటే ఉంది.

రాత్రి అన్నాలప్పుడు ధనరాజు తన ఆలోచన చెప్పాడు. మోహనకృష్ణ గారు గెలిస్తే మూడు వందల నలభై గడ్డాలు. అందులోంచి వేట చేసుకునే అరవై మందినీ తీసెయ్యాలని అతనికి తట్టలేదు. ఐదేళ్ళ గడ్డం కాబట్టి పదిహేను రూపాయల చొప్పున ఐదు వేల వంద. కాని ఒక్కరోజులో అంతమందికి గియ్యాలంటే టెక్కలి నుంచి ముగ్గురిని రెండు రోజుల కూలికి తేవాలి. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు, బ్లేడ్లు, సబ్బులు, పటిక. రెండున్నర వేలు ఖర్చు. అవి పోగా మిగిలిన చీటీ డబ్బూ ఇదీ కలిపితే ఎనిమిది వేల ఆరు వందలు.

"ఓడిపోతే?" అంది నూకమ్మ.

"సూరత్."

"గెలిసి కూడా ఆళ్ళు రాకపోతే?"

"గెలిసేక రాకపోడానికి ఏటుంటాదే? బాబు మాటిచ్చేడు. నీదంతా అనుమానం."

నూకమ్మ లేచి లోపలికి వెళ్ళింది. చీటీ డబ్బు మూట తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. ఆ పెట్టడంలో ఆమె అభిప్రాయం ఆమెకుంది.

ఓట్ల లెక్కింపు రోజున ధనరాజు కొట్టుకి మామిడాకులు కట్టాడు. టెక్కలి నుంచి వచ్చిన ముగ్గురూ కత్తులు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం మూడింటికి తారాజువ్వలు లేచాయి. మోహనకృష్ణ గారు గెలిచారు. పార్టీ కూడా గెలిచింది. ధనరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రజాస్వామ్యం మీద అతనికి ఎన్నడూ అంత నమ్మకం కలగలేదు.

సాయంత్రం బస్టాండు ఎదుట స్టేజీ. స్టేజీ మధ్యలో ధనరాజు మోయించుకొచ్చిన కుర్చీ. పక్కన ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని, గిన్నెలో సబ్బు నురగ కలుపుతూ ధనరాజు. మోహనకృష్ణ గారు దండల్లోంచి తల పైకెత్తి మైకు అందుకున్నారు. ముందు వరసలో ఉన్న విలేకరి ఒకతను అడగకూడని ప్రశ్న అడిగాడు.

"సార్, ఐదేళ్ళ గడ్డం రెండు వేళ్ళే ఉందేమిటి?"

"ప్రజల కష్టాలు చూసి పెరగడం మానేసింది" అన్నారు మోహనకృష్ణ గారు గద్గద స్వరంతో. మొదటి వరసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ధనరాజు బ్రష్షు నురగలో ముంచి ముందుకొచ్చాడు. మోహనకృష్ణ గారు చెయ్యెత్తి ఆపారు.

"ఈ గడ్డం నాదా? కాదు. ప్రజలది. ప్రజలది అంటే దేవుడిది. దేవుడిది దేవుడికే ఇవ్వాలి. అందుకే మా దీక్షాపరులందరం ఈ రాత్రి బండికే తిరుపతి వెళుతున్నాం. ఏడుకొండలవాడి కల్యాణకట్టలో ఈ గడ్డాలు సమర్పించుకుంటాం!"

గోవిందా అని జనం హోరెత్తిపోయారు. ధనరాజు బ్రష్షు మీది నురగ జారి అతని కాలి మీద పడింది. కల్యాణకట్టలో తల గీయడానికీ గడ్డం గీయడానికీ డబ్బు పుచ్చుకోరని అక్కడున్న అందరికీ తెలుసు.

పలాస స్టేషన్లో బండి కదిలేముందు అతను మోహనకృష్ణ గారి కిటికీ పట్టుకున్నాడు.

"బాబూ, మరి నా ఫిక్స్‌డ్ డిపాజిట్?"

"ఎంకన్న బాబు కాడే ఏత్తన్నాం గదరా! అంతకంటే గట్టి బ్యాంకు ఏటుంటాది? నిన్నూ తీసికెల్దుం, టికెట్లు అయిపోనాయి. ఆదివారం మాత్రం కళ్ళం కాడికి రావడం మానీకు. ఇకమీదట నున్నగా గియ్యాల. ఎమ్మెల్యే మొకం గదా."

బండి వెళ్ళిపోయింది. ధనరాజు కొట్టుకి తిరిగొచ్చి కాస్సేపు అద్దం ముందు కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. దీక్ష ముగిసింది కాబట్టి తన గడ్డమైనా తీయించుకుందామని టెక్కలి అతనికి మొహం అప్పగించాడు. కొట్లో ఆ రోజు దిగిన గడ్డం అదొక్కటే. టెక్కలి అతను పని పూర్తిచేసి, "కూలి ఏరు, గెడ్డం ఏరు గదా మావా" అని పదిహేను రూపాయలు వేరుగా అడిగి పుచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ధనరాజు లోకనాథానికి కొట్టు అప్పజెప్పేద్దామనుకుంటూ తలుపు తెరిచాడు. బయట ముప్పై మంది నిలబడి ఉన్నారు. అందరూ గోవిందరావు గారి మనుషులు. నాలుగేళ్ళ జుట్టు, ముడులు వేసుకున్నవాళ్ళు కొందరు, రిబ్బన్లు కట్టుకున్నవాళ్ళు కొందరు.

"కటింగూ గెడ్డమూ రెండూ. ఎంత?" అన్నాడు ముందున్నతను.

"ఇరవై" అన్నాడు ధనరాజు, ఎక్కడ తగ్గించమంటారోనని భయపడుతూ.

అతను ఇరవై తీసి చేతిలో పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ముందే డబ్బివ్వడం ఆ కొట్టు చరిత్రలో లేదు. "బాగా కిందికంటా తీసీ. ఏటీ మిగల్చకు. సున్నా నుంచి మొదలెట్టాల" అన్నాడు. ఓడిపోయినవాళ్ళు కొత్త జీవితం మొదలుపెడుతున్నారని ధనరాజు ముచ్చటపడ్డాడు. న్యాయమే మరి. ప్రభుత్వమే పోయాక మంత్రి పదవి ఎక్కడిది? మంత్రి పదవి లేనప్పుడు జుట్టు దేనికి? వాళ్ళ దీక్ష రద్దయిపోయింది. తను ఐదేళ్ళూ ఒక పక్కే చూసి రెండో పక్క మర్చిపోయాడు.

టెక్కలివాళ్ళ రెండో రోజు కూలి దండగ కాలేదు. నాలుగు జతల చేతులు చీకటి పడేదాకా ఆగలేదు. మందస నుంచి, సోంపేట నుంచి జీపుల్లో దిగారు. టెంట్ హౌస్ కుర్చీలు చాలక అరుగుల మీద కూర్చున్నారు. నూకమ్మ పనికి సెలవు పెట్టి వచ్చి నేల ఊడ్చింది, ఊడ్చిన జుట్టు గోనెల్లోకి ఎత్తింది. దీపాలు పెట్టాక లెక్క చూస్తే రెండు వందల ఇరవై మంది. నాలుగు వేల నాలుగు వందలు. మిగిలిన చీటీ డబ్బు మూడున్నర వేలూ కలిపితే వంద తక్కువ ఎనిమిది వేలు. నూకమ్మ తన కూలి డబ్బుల్లోంచి ఆ వందా తీసి కలిపింది.

"ఓడిపోనోళ్ళు మంచోళ్ళే మావా" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక పార్టీని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

తెల్లారగానే ధనరాజు లోకనాథం ఇంటికి పరుగెత్తాడు. ఎనిమిది వేలూ లెక్కపెట్టి ఇచ్చి, స్టాంపు కాగితం మీద ఐదేళ్ళకి సంతకం పెట్టాడు. మధ్యలో వదిలేసి పోతే అడ్వాన్సు తిరిగి రాదన్న షరతు లోకనాథం పైకి చదివి వినిపించాడు. "నానెందుకు వదిలెల్తాను బాబూ" అని ధనరాజు నవ్వాడు. కాగితం చొక్కా లోపల పెట్టుకుని, రోడ్డు మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చాడు.

సెలూన్ దగ్గర జనం మూగి ఉన్నారు. ఓపెన్ జీపు మీద నిలబడి గోవిందరావు గారు మైకులో మాట్లాడుతున్నారు. ఆయన మొహం, తల నున్నగా మెరుస్తున్నాయి. కింద నిలబడ్డ రెండు వందల ఇరవై తలలూ అలాగే మెరుస్తున్నాయి.

"అవతలివాళ్ళది గడ్డం ఒక్కటే! మనది గడ్డమూ, జుట్టూ రెండూ! మన పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చేదాకా కత్తి తగలదు, కత్తెర తగలదు! మన దీక్షలో మోసం ఉండకూడదని కార్యకర్తలంతా నిన్ననే సున్నా చేయించుకుని వచ్చారు. ఈ పవిత్ర కార్యానికి నిన్నంతా శ్రమించిన ధనరాజు ఎక్కడ? ముందుకు రావాలి!"

నలుగురు ధనరాజుని ఎత్తి జీపు పక్కకి చేర్చారు. గోవిందరావు గారు స్వయంగా వంగి అతని మెడలో బంతిపూల దండ వేశారు. దండ మోకాళ్ళ దాకా ఉంది. ఫోటో తీశారు. జీపు కదిలింది, జనం దాని వెనక వెళ్ళిపోయారు.

నూకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"కాయితం మీద సంతకం ఎట్టీసేవా?"

"ఎట్టీసేను."

"ఐదేళ్ళకేనా?"

"ఐదేళ్ళకే."

నూకమ్మ అతని మొహం వంక చూసింది. దగ్గరికొచ్చి దండని చేత్తో తూచి చూసింది.

"వాడలేదింకా. గేటు కాడ చిన్నతల్లికి తిరిగిచ్చీ. సగం డబ్బులన్నా ఇత్తాది. బేగి ఎల్లు."

రైల్వే గేటు పక్కన చిన్నతల్లి బుట్ట ముందు కూర్చుని పూలు గుచ్చుతోంది. ధనరాజు దండ తీసి ఆమె ముందు పెట్టాడు. చిన్నతల్లి దండ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాదే బావా. పొద్దున్నే గోవిందరావు బాబు మనుసులు పట్టుకెళ్ళేరు."

"సగం ఇచ్చినా సాలు చిన్నతల్లీ."

"దేన్లో సగం ఇమ్మంటావు?" అంది చిన్నతల్లి, దండ మీద నీళ్ళు చిలకరిస్తూ. "అధికారంలోకి వొచ్చేక ఇత్తామన్నారు."